చిన్నపడవపై తొలి వేట

తమ్ముడో కొడుకో, లేక మీరే యగుగాక, కయాకు అను చిన్నపడవ నెక్కి కాకినాడ సముద్రమున గాలము వేయ బయలుదేరిన, వలదని వారించుటకంటె అడుగవలసినవి యెఱుగుట మేలని మా తలంపు.

కయాకు క్రొత్తదైనను దాని మర్మము మన కెఱుకయే. దుంగలు కట్టిన తెప్పసందులనుండి నీరు జారిపోవును. పైన కూర్చుండి నడుపు కయాకునకు రంధ్రము లుంచుటయు నందులకే.

ఉప్పాడ కెరటములు తొలిపాఠమునకు తగవు. హోప్ దీవి యడ్డుండుటచే కాకినాడ అఖాతము కొంత నెమ్మది. బోల్తాపడిన పడవను మరల నెక్కుట మొలలోతు నీటిలో ముందు నేర్వవలెను, గాలముమాట తరువాత. తేలుచొక్కా ఒంటిపై నుండవలెను గాని పడవలో కాదు. వేకువను నేలవైపునుండి వీచుగాలి పోవునపుడు సుఖము, తిరుగునపుడు శత్రువు. దీనిని క్రొత్తవారు తఱచు మఱతురు.

వాయుగుండమను మాట వినిననాడు తెడ్డు ముట్టరాదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానున వేటకుపోయిన వారనేకులు తీరము చేరలేదు. ఆ తల్లుల దుఃఖము మనసీమ మఱువలేదు.

పోవుచోటు, వచ్చువేళ వ్రాయించి యింట నుంచుకొనుడు. వేళ దాటెనా, రేవువారికి కబురంపుడు. తీరరక్షక దళమువారి ఫోను సంఖ్య 1554.