ఒకే కారు, రెండు పాత కూపేలు: బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం చెప్పే పాఠం

బిలాస్‌పూర్ జంక్షన్‌లోకి ఎక్స్‌ప్రెస్ రైలు వస్తుంటే ప్రయాణికులు బోగీ నంబర్లు చూస్తారు. పట్టాలకు రెండు వైపులా కూర్చున్న క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది మాత్రం చక్రాలను, స్ప్రింగులను, వేలాడుతున్న భాగాలను చూస్తారు. బండి ఆగగానే ఇరుసు చివరి పెట్టెలు వేడెక్కాయేమో కొలుస్తారు. ఆ రైలు గరిష్ఠ వేగం ఎంతని వారిలో ఎవరూ అడగరు. బయలుదేరే స్టేషన్‌లో బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చేతికి రానిదే లోకో పైలట్ బండి కదిలించడు. రైల్వే భద్రత నిలబడింది ఈ క్రమం మీదే: ముందు ఆగడం, తర్వాత కదలడం, ఆ తర్వాతే వేగం.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన ఊరు ఇది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం కూడా. ఈ ఊరి క్వార్టర్స్‌లో భార్య, అయిదేళ్ల కూతురితో ఉంటున్న ఒక యువ ఉద్యోగి ఉన్నాడనుకుందాం. ఇంట్లో కారు లేదు. కొనబోయేది ఒక్కటే. చిన్నప్పటి నుంచీ మనసులో ఉన్నది స్పోర్ట్స్ కూపే. కొత్తది అందదు. పాతవాటిలో రెండు కళ్లలో పడ్డాయి: రెండో తరం ఆడి టీటీ, నిస్సాన్ 370జెడ్. రెండూ ఒకప్పుడు భారత్‌లో అధికారికంగా అమ్మినవే. ఈ రెండింటిలో ఏది? స్నేహితుల మధ్య ఈ చర్చ హార్స్‌పవర్‌తో మొదలై హార్స్‌పవర్‌తోనే ముగుస్తుంది. ఒకే కారు ఉండే ఇంటికి మాత్రం ఆ అంకె అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడే అంకె.

రెండు బండ్లు, రెండు దారులు

రెండో తరం టీటీ 2006లో వచ్చింది. 2010 తర్వాతి 2.0 లీటర్ల టర్బో ఇంజిన్ 211 హార్స్‌పవర్ ఇస్తుంది. అల్యూమినియం, ఉక్కు కలిపిన బాడీ, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే అమరిక ఉన్న కారు బరువు సుమారు 1,350 కిలోలు. వెనక రెండు చిన్న సీట్లు ఉన్నాయి. పెద్దవాళ్లకు చాలవు, పిల్లలకు సరిపోతాయి.

370జెడ్‌ను నిస్సాన్ 2008 చివర్లో ఆవిష్కరించింది. టర్బో లేని 3.7 లీటర్ల వీ6 ఇంజిన్, 330 హార్స్‌పవర్‌కు అటూ ఇటుగా శక్తి, వెనక చక్రాలకే డ్రైవ్, సుమారు 1,500 కిలోల బరువు, కచ్చితంగా రెండే సీట్లు. నిలబడిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్లకు అయిదు సెకన్లకు కాస్త పైన చేరుతుంది. టీటీకి ఆరు సెకన్ల దగ్గర పడుతుంది.

ఆ తేడా అరనిమిషం కూడా కాదు, సెకనులో కొంత. నెహ్రూ చౌక్ సిగ్నల్ దగ్గర దానికి విలువ లేదు.

ఆగే దూరం ఇంజిన్ చేతిలో లేదు

గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. ఆ వేగంలో 1,350 కిలోల కారులో సుమారు 520 కిలోజౌళ్ల గతిజశక్తి ఉంటుంది. 1,500 కిలోల కారులో సుమారు 580. ఆగాలంటే ఆ శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. అయితే పూర్తి బ్రేకు వేసినప్పుడు ఆగే దూరాన్ని నిర్ణయించేది బరువు కాదు. బరువు పెరిగితే శక్తి పెరుగుతుంది, టైరుకు రోడ్డుకు మధ్య ఘర్షణ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. సమీకరణంలో రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేవి వేగం, ఘర్షణ గుణకం.

గుణకం 0.7 ఉంటే 100 కి.మీ. వేగం నుంచి ఆగడానికి సుమారు 56 మీటర్లు కావాలి. అది 0.4కు పడిపోతే 98 మీటర్లు. అంటే 42 మీటర్లు ఎక్కువ. దాదాపు రెండు రైలు బోగీల పొడవు. తడి రోడ్డు మీద గట్టిపడిన పాత టైరు ఈ తేడాను తేగలదు. 211 హార్స్‌పవరా, 330 హార్స్‌పవరా అన్న ప్రశ్నకు ఈ లెక్కలో చోటే లేదు.

పాత స్పోర్ట్స్ కార్లు ఏడాదికి కొద్ది వేల కిలోమీటర్లే తిరుగుతాయి. అందువల్ల టైరు గాడులు లోతుగా, కొత్తవాటిలా కనిపిస్తాయి. రబ్బరు వయసు మాత్రం గాడుల్లో కనబడదు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు చదవాలి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారీ అని అర్థం. ఆక్సిజన్ రబ్బరు గొలుసులను గట్టిపరుస్తుంది, పగుళ్లు తెస్తుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నది రసాయన శాస్త్రంలో స్థూల సూత్రం. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు చూసే బిలాస్‌పూర్‌లో ఆరుబయట నిలిపిన కారు టైరు ఎంత త్వరగా ముసలిదవుతుందో ఊహించవచ్చు.

బ్రేక్ ఆయిల్ సంగతీ అంతే. గ్లైకాల్ ఆధారిత ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. కొన్న మొదటి రోజే కొన్ని వందల రూపాయలతో మార్చదగిన ఈ ద్రవం గురించి అమ్మేవారు ప్రకటనలో రాయరు, కొనేవారు అడగరు.

ట్యాంకులో మారిన పెట్రోలు

ఈ రెండు కార్లూ తయారైన నాటి పెట్రోలు ఇప్పుడు బంకుల్లో లేదు. దేశంలో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అంతటా వ్యాపించింది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో సుమారు 21 ఉంటుంది. లెక్క వేస్తే ఈ20లో శక్తి ఏడు శాతం దాకా తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, ఈ10కు ట్యూన్ చేసిన కార్లలో మైలేజి 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా చెప్పింది.

మైలేజి కంటే ముఖ్యమైనది రబ్బరు. ఇథనాల్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. నీటిని కూడా పీల్చుకుంటుంది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు 20,000-30,000 కి.మీ. తర్వాత మార్చాల్సి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఉంది. చిన్న కారుకు అది పెద్ద ఖర్చు కాదు. దిగుమతి కూపేకు ఆ చిన్న గొట్టమే వారాల తరబడి రాకపోవచ్చు. ఆ వారాల్లో ఆ ఇంటికి కారే ఉండదు.

ఇక్కడ ఒకే కారుగా వాడటంలో ఒక లాభం కూడా ఉంది. నెలకోసారి కదిలే కారు ట్యాంకులో ఇథనాల్ తేమ పట్టి, నీరు అడుగుకు విడిపోయే ప్రమాదం ఎక్కువ. రోజూ తిరిగే కారులో పెట్రోలు నిలవ ఉండదు.

స్పీడ్ బ్రేకర్ జ్యామితి

‘ఇంత కిందకున్న కారు మన రోడ్ల మీద తిరుగుతుందా?’ అన్నది ఇంటి పెద్దల మొదటి ప్రశ్న. దానికి జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మెల్లని వంపు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 370జెడ్‌లో 2,550 మిల్లీమీటర్లు, టీటీలో 2,468. రెండు కార్లలోనూ నాలుగు చక్రాలూ ఒకేసారి ఆ వంపు మీద ఉండగలవు. అప్పుడు కారు పొట్ట కిందికి పొడుచుకొచ్చే ఎత్తు 370జెడ్‌కు 4.8, టీటీకి 4.5 సెంటీమీటర్లు మాత్రమే. రెండూ తగలకుండా దాటుతాయి.

కాలనీ వాళ్లు సిమెంటుతో నిట్టనిలువుగా పోసిన 15 సెంటీమీటర్ల గట్టు వేరే కథ. అది ఇరుకుగా ఉండటంతో చక్రాలు దాని మీద నిలవవు. 15 సెంటీమీటర్లూ పొట్ట కిందే ఉంటాయి. రెండు కార్లకూ గీత పడుతుంది. అంటే ఇక్కడ తేడా కార్ల మధ్య కాదు, గట్ల మధ్య. కొనేముందు ఇంటి నుంచి ఆఫీసుకు, బడికి, ఆస్పత్రికి ఉన్న గట్లను స్కేలుతో కొలవడం వంద వీడియోలు చూడటం కంటే మేలు.

గుంతల దగ్గర మాత్రం తేడా ఉంది. 370జెడ్ 19 అంగుళాల చక్రాల వెనక టైరు 275/35 కొలత. పక్క గోడ ఎత్తు 96 మిల్లీమీటర్లు. టీటీ 17 అంగుళాల 245/45 టైరుకు 110. ఆ అదనపు గాలి, రబ్బరే గుంత దెబ్బను మింగి చక్రాన్ని కాపాడతాయి. పైగా 370జెడ్ ముందు వెనక టైర్లు వేర్వేరు కొలతలవి కాబట్టి మార్చి వేసుకునే వీలు లేదు.

ఎవరి జబ్బులు వారివి

ఏ ఇంజినూ నిర్దోషి కాదు. టీటీ టర్బో ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. లోపలికి గాలి పంపే వాల్వులను పెట్రోలు కడగదు, అక్కడ మసి పేరుకుంటుంది. ఈ తరం ఇంజిన్లలో టైమింగ్ చైన్ టెన్షనర్, ఆయిల్ ఎక్కువ తాగడం తెలిసిన సమస్యలు. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌కు 60,000 కి.మీ.కు ఆయిల్ మార్చాలి. 370జెడ్‌లో పెట్రోలు వాల్వుల ముందే చిమ్ముతుంది కాబట్టి ఆ మసి బాధ లేదు. కానీ ఆయిల్ మార్గంలోని కాగితపు గాస్కెట్ చిరిగి పీడనం పడిపోవడం, మాన్యువల్ గేర్ బండ్లలో గేర్‌బాక్స్ గూటి లోపల ఉండే క్లచ్ సిలిండర్ కారడం దాని జబ్బులు.

రైల్వే కాలనీ జీవితం దీనికి తోడవుతుంది. క్వార్టర్స్ నుంచి ఆఫీసు మూడు నాలుగు కిలోమీటర్లు. అంత దూరంలో ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. దహనంలో పుట్టిన నీరు, కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తాయి. రెండు కార్లకూ ఇది హానే, మసి పట్టే టర్బోకు కాస్త ఎక్కువ. వారానికోసారి రాయ్‌పూర్ దారిలో గంటసేపు నడపడం వినోదం కాదు, వైద్యం.

అయితే టీటీకి ఒక పెద్ద బలం ఉంది. దాని అడుగు నిర్మాణం, ఇంజిన్ కుటుంబం అదే గ్రూపు మామూలు కార్లతో పంచుకున్నవి. ఇక్కడ వేల సంఖ్యలో తిరిగిన స్కోడా లారా, సూపర్బ్ 1.8 టర్బోలు దీనికి దగ్గరి చుట్టాలు. ఆ బండ్లు విప్పిన మెకానిక్ రాయ్‌పూర్‌లోనో, నాగ్‌పూర్‌లోనో దొరుకుతాడు. 370జెడ్ ఇంజిన్ విప్పిన మెకానిక్ కోసం ఇంకెన్నో ఊళ్లు దాటాలి. ఒకే కారు ఉన్న ఇంట్లో ఇది హార్స్‌పవర్ కంటే బరువైన ప్రమాణం. జ్వరంతో ఉన్న పాపను రాత్రి రెండు గంటలకు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సింది ఈ కారే మరి.

కాగితాలూ సాంకేతిక భాగాలే

సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపి అయిదేళ్లకోసారి పునరుద్ధరించాలి. దిగుమతి చేసుకున్న నాలుగు చక్రాల వాహనానికి 2022 ఏప్రిల్ నుంచి అమలైన రుసుము 40,000 రూపాయలు. 2010 నాటి కూపేకు ఆ గడువు ఇప్పటికే వచ్చేసింది. వేరే రాష్ట్రపు బండి అయితే ఎన్‌ఓసీ, ఛత్తీస్‌గఢ్ రోడ్డు పన్ను అదనం.

ఎయిర్‌బ్యాగ్ కూడా ముసలిదవుతుంది. టకాటా ఎయిర్‌బ్యాగ్‌ల కథ ప్రపంచానికి నేర్పింది ఇదే. అమ్మోనియం నైట్రేట్ ఇంధనం ఏళ్ల తరబడి వేడి, తేమ మధ్య నలిగి, అవసరమైనప్పుడు అతివేగంగా మండి లోహపు ముక్కలు విసిరింది. ఏ కారు కొన్నా చాసిస్ నంబరుతో రికాల్ ఉందో లేదో చూడటం తప్పనిసరి.

మరి ఏది?

‘అన్నీ లెక్కలేనా, ఇష్టానికి చోటు లేదా?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. లెక్కే సర్వస్వమైతే ఆరు ఎయిర్‌బ్యాగ్‌ల కొత్త చిన్న కారు కొనాలి. ఒక్క రోజు కూడా కారు ఆగిపోతే తట్టుకోలేని ఇంటికి అదే సరైన జవాబు. కూపే కోరుకునేవారు ఇష్టానికి చెల్లించే ధర ముందే తెలుసుకోవాలి, అంతే.

ఆ ధర తెలిసీ ముందుకెళ్తే, భార్యా బిడ్డలతో బిలాస్‌పూర్‌లో ఉండే ఆ ఉద్యోగికి తగినది టీటీ. మూడో మనిషికి సీటు, వానలో నాలుగు చక్రాల పట్టు, గుంతకు కాస్త ఎక్కువ రబ్బరు, దగ్గరలో తెలిసిన చేయి. ఈ నాలుగు కారణాలూ 120 హార్స్‌పవర్ లోటును దాటేస్తాయి. 370జెడ్ సరళమైన, నిజాయితీ గల యంత్రం. ఇంట్లో రెండో బండి ఉన్నవారికి, లేదా పిల్లలు లేని జంటకు, చరిత్ర అంతా కాగితాల మీద ఉన్న మంచి 370జెడ్ దొరికితే అదే మేలు కావచ్చు. చరిత్ర లేని టీటీ కంటే చరిత్ర ఉన్న ఏ కారైనా నయం.

షరతు రెండింటికీ ఒక్కటే. కొన్న రోజే టైర్లు, బ్రేక్ ఆయిల్, పెట్రోలు గొట్టాలు, ఇంజిన్ ఆయిల్ మార్చేందుకు డబ్బు పక్కన పెట్టాలి. అది మిగలకపోతే బేరం కుదరనట్టే. ప్లాట్‌ఫారం మీద రోజూ కనిపించే నియమం ఇంటి ముందు నిలిపే కారుకూ వర్తిస్తుంది: బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే బండి కదలాలి.