చార్మినార్ కబుర్లు: ఆర్‌ఎక్స్ 100కీ డూపు ఉంటాడండోయ్!

2018 జూలైలో విడుదలైన 'ఆర్‌ఎక్స్ 100' కుర్రకారుని ఎంత ఊపు ఊపిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. దర్శకుడు అజయ్ భూపతికి అది తొలి చిత్రం. కార్తికేయ, పాయల్ రాజ్‌పుత్ ఆ ఒక్క సినిమాతో పోస్టర్ల మీదికి ఎక్కి కూర్చున్నారు. అంతా బాగానే ఉంది గానీ, టైటిల్ రోల్ వేసింది మాత్రం వీళ్ళెవరూ కాదు. ఒక మోటారు సైకిలు! పారితోషికం అడగదు, కాల్షీట్ల పేచీ లేదు, మేకప్ మ్యాన్ అక్కర్లేదు. పెట్రోలు, ఆయిలు పోస్తే చాలు.

వెండితెర మీద బండి వెలగడం ఇదే మొదలు కాదు. 1973లో 'బాబీ' వచ్చినప్పుడు రిషీకపూర్ వెనక డింపుల్ కూర్చున్న ఆ బుల్లి రాజ్‌దూత్‌కి జీటీఎస్ 175 అనే అసలు పేరు పోయి 'బాబీ బండి' అనే పేరు స్థిరపడిపోయింది. 1975 నాటి 'షోలే'లో అమితాబ్, ధర్మేంద్ర పాట పాడుకుంటూ తిరిగిన సైడ్‌కార్ బండి ఇంగ్లండులో తయారైన బీఎస్‌ఏ. అక్కడ సినిమా పేరు బండికి వచ్చింది. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి బండి పేరే సినిమాకి పెట్టేశారు. ఏమాటకామాటే, ఆ పేరుకి ఉన్న గ్లామరు అలాంటిది.

ఎస్కార్ట్స్ వారు యమహాతో కలిసి 1985లో వదిలిన బండి అది. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి పెట్టెల్లో వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్ళు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. కాగితం మీద చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఎక్కి యాక్సిలరేటర్ తిప్పితే తెలుస్తుంది సంగతి! 1996లో తయారీ ఆగిపోయింది. అంటే ఫ్యాక్టరీ నుంచి చిట్టచివర బయటికొచ్చిన బండికి కూడా ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ వయసన్నమాట. సరుకు పెరగదు, గిరాకీ తగ్గదు. ఇలాంటిచోట ఏం జరుగుతుందో సినిమా టిక్కెట్లు బ్లాకులో కొన్న మీకు నేను చెప్పాలా?

డూపు పుట్టుకొస్తాడు!

డూపుల్లోనూ రకాలున్నాయి. ఆర్‌ఎక్స్ 100 తర్వాత దాని తమ్ముళ్ళు ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135 వచ్చారు. పోలికలన్నీ అన్నవే. తమ్ముడి ట్యాంకీ మార్చి, పక్కన స్టిక్కరు మార్చి అన్నగారని అమ్మేయడం ఒక రకం. ఛాసిస్ నిజమైనదే, లోపల ఇంజను వేరే బండిది కావడం రెండో రకం. నాలుగు బండ్ల ముక్కలు ఏరి ఒక్క బండి కట్టడం మూడో రకం. ఇవన్నీ ఒక ఎత్తు, దొంగబండికి నంబరు చెక్కి అమ్మడం ఒక ఎత్తు. మొదటి మూడింటిలో పోయేది డబ్బు. నాలుగోదాంట్లో కొన్నవాడు పోలీసు స్టేషన్ మెట్లెక్కాలి.

ఆ మధ్య లాల్‌దర్వాజా కుర్రాడొకడు ఫోన్ చేశాడు. కొత్తగా ఉద్యోగం వచ్చింది. వాళ్ళమ్మ చిట్టీ పాడి డబ్బు చేతిలో పెట్టింది. శాలిబండలో ఒక బండి చూశాడట. "అన్నా, మస్తు మెరుస్తున్నది. ఒరిజినలే అంటున్నడు. జర వచ్చి చూస్తవా?" అన్నాడు. మెరుస్తోంది అనగానే నాకు అనుమానం వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ బండి మెరవడమేమిటండీ? నటులకి విగ్గు ఉన్నట్టు బండికి పెయింటు. విగ్గు పెట్టుకోవడం తప్పు కాదు, అది సొంత జుట్టే అని ఒట్టేసి చెప్తేనే చిక్కు.

నాకు తెలిసింది అంతంత మాత్రం కనుక యాకుత్‌పురాలో టూ స్ట్రోక్ బండ్లతో జీవితం గడిపిన ఒక ఉస్తాద్‌ని వెంట తీసుకెళ్ళాను. ఆయన బండి దగ్గరికి వెళ్ళి కిక్ కొడతాడనుకున్నాడు కుర్రాడు. ఉస్తాద్ కిక్ వైపే చూడలేదు. అమ్మే ఆసామితో "భాయ్, ముందు ఆర్సీ దిఖావ్" అన్నాడు.

ఇక్కడ పాఠకులకి ఒక చిన్న చరిత్ర పాఠం అవసరం. 1989 జూలై 1న కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు మన రాష్ట్రంలో నంబరు ప్లేటు మీద 'ఏ' అక్షరంతో మొదలై మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత అంకెలు ఉండేవి. పాత తెలుగు సినిమాల్లో కార్ల నంబర్లు గమనించండి, తెలుస్తుంది. కొత్త చట్టం తర్వాతే రాష్ట్రం పేరు, జిల్లా అంకె వచ్చాయి. ఏపీ 9 అంటే ఖైరతాబాద్, ఏపీ 11 అంటే మలక్‌పేట, ఇలాగ. 2014లో అది టీఎస్ అయింది, 2024 మార్చి నుంచి టీజీ అయింది. ఇప్పుడు లెక్క వేసుకోండి. "ఇది 1986 పీసు సాబ్, జపాన్ మాల్" అని చెప్పి ఏపీ 9 నంబరు చూపిస్తే, నడుమ ఏదో కథ నడిచింది. టీఎస్ నంబరుతో ఆర్‌ఎక్స్ 100 కనబడితే అది వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టరయి ఉండాలి. అది నేరమేమీ కాదు. కానీ ఆ రాష్ట్రం వాళ్ళిచ్చిన ఎన్‌ఓసీ ఏదని అడిగే హక్కు మీకుంది. ఆర్సీ గడువు సంగతీ చూడాలి. మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకే, తర్వాత అయిదేళ్ళకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. 'కాగితాలు ఉన్నాయి' అంటే 'కాగితాలు బతికున్నాయి' అని అర్థం కాదు సుమండీ!

ఆర్సీ చదివాక ఉస్తాద్ జేబులోంచి కిరసనాయిలు గుడ్డ తీశాడు. హ్యాండిల్ కింద ఛాసిస్ మెడ ఉంటుంది చూశారూ, అక్కడ ఒక నంబరు. ఇంజను క్రాంక్‌కేస్ మీద ఇంకో నంబరు. రెండుచోట్లా జిడ్డు తుడిచి, సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా వేశాడు. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదట, పక్కనుంచి వేస్తే ఆకురాయి గీతలు నీడ పడి బయటపడతాయట. ఆర్‌ఎక్స్ 100 నంబరు '1ఎల్1' అని మొదలవుతుంది. అది ఉంటే సరిపోదు, అది ఎలా ఉందన్నది ముఖ్యం. ఫ్యాక్టరీ అచ్చులో అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి. చేత్తో సుత్తి దెబ్బ కొట్టి గుద్దిన అక్షరం ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఒకటి పక్కకి వాలి ఉంటుంది. నంబరు చుట్టూ లోహం గరుకుగా ఉండాల్సిందిపోయి అద్దంలా నున్నగా ఉందంటే, అక్కడ ఉన్న పాత నంబరుని ఎవరో అరగదీశారన్నమాట. ఛాసిస్ మెడ దగ్గర వెల్డింగు గాట్లు ఉంటే ఇక చెప్పేదేముంది. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది నంబరు అచ్చు తీసుకుంటే ఇంటికెళ్ళి తీరిగ్గా ఆర్సీతో పోల్చుకోవచ్చు. రూపాయి ఖర్చు లేని పరీక్ష.

మన బండికి ఛాసిస్ నంబరు బాగానే ఉంది. క్రాంక్‌కేస్ దగ్గరికొచ్చేసరికి ఉస్తాద్ లైటు ఆర్పి లేచి నిలబడ్డాడు. "బేటా, నువ్వే చూడు" అని ఫోను కుర్రాడి చేతికిచ్చాడు. నంబరు ఉన్నచోట గోరు జారిపోయేంత నునుపు. మధ్యలో రెండంకెలు మిగతావాటికంటే లావు!

అమ్మే ఆసామి ఏమీ తొట్రుపడలేదు. ఇంజను మార్చామనీ, అందరూ మారుస్తారనీ, కావాలంటే ధర తగ్గిస్తాననీ అన్నాడు. ఇంజను మార్చుకోవడం నిజంగానే తప్పు కాదు. కానీ మార్చినప్పుడు రవాణా ఆఫీసులో చెప్పి ఆర్సీలో కొత్త నంబరు రాయించుకోవాలి. ఈయనగారు అక్కడికి వెళ్ళకుండా ఇంజనునే ఆర్సీకి సరిపోయేట్టు చెక్కించాడు. ఆ ఇంజను ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో? ధర తగ్గించే మాట వినగానే కుర్రాడి మొహంలో ఆశ మళ్ళీ మెరిసింది. అమ్మ చిట్టీ డబ్బు గుర్తు చేసి, సందు మలుపు దాకా దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కురావలసి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకి మలక్‌పేటలో ఒకాయన దగ్గర ఆర్‌ఎక్స్ 135ని ఆర్‌ఎక్స్ 135 అని చెప్పి అమ్ముతుంటే కొనుక్కున్నాడు. కాగితాలు శుభ్రం, ధరా తక్కువ. తమ్ముడైతేనేం, సొంత పేరుతో తిరుగుతున్నాడు కదా!

నంబర్లు సరిపోయాకే మిగతావి చూడాలని ఉస్తాద్ సిద్ధాంతం. ఆ మిగతావి ఏమిటో ఆ రోజు ఇరానీ చాయ్ తాగుతూ చెప్పాడు. నడిపి చూసేటప్పుడు గేర్లు లెక్కపెట్టండి. అయిదోది పడిందా, లోపల ఉన్నది 135 వాడి గేర్‌బాక్సు. ఇంజను ఇంకా లోతుగా తెలియాలంటే హెడ్డు విప్పించి పిస్టన్ కొలిపించాలి. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు. పిస్టన్ నడిచే దూరమూ 50. లెక్కకట్టండి, 98 సీసీ వస్తుంది. 135కి బోరు 58, అందుకే దానికి 132 సీసీ. కొలిస్తే 50న్నర వచ్చిందనుకోండి, బెంగపడకండి. పాతబడ్డ బోరుని లేత్ మిషన్ మీద పావు మిల్లీమీటరు చొప్పున పెంచి లావు పిస్టన్ వేస్తారు. పిస్టన్ నెత్తిమీద ఆ సైజు కొట్టి ఉంటుంది కూడా. అది మోసం కాదు, వయసు. 58 వస్తే మాత్రం అది మనిషి మార్పిడే!

కార్బురేటర్ మీద మికుని పేరు అచ్చు స్పష్టంగా ఉండాలి. బ్రేకులు ముందూ వెనకా డ్రమ్ములే. ముందు చక్రానికి డిస్కు కనబడితే అది తర్వాత పెట్టిన నగ. ట్యాంకీకి అక్కడక్కడ చిన్న అయస్కాంతం అంటించి చూడండి. పట్టుకోనిచోట రేకు లేదు, పుట్టీ ఉంది. మీటరు మీద కిలోమీటర్లు తక్కువ చూపిస్తోందని సంబరపడిపోకండి. వెనక్కి తిప్పడం చిటికెలో పని. కిక్ రబ్బరు, బ్రేకు పెడలు అరుగుదల చూస్తే బండి ఎంత తిరిగిందో అవే చెప్తాయి. ట్యాంకీ లోపల తుప్పు ఉందేమో టార్చి లైటుతోనే చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారట!

మరి విడిభాగాలు మార్చితే బండి ఒరిజినల్ కాకుండా పోతుందా అని కొందరు అడుగుతారు. టైర్లు, రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు అరిగిపోవడానికే పుట్టాయి. వాటిని మార్చకపోతే బండి నడవదు. పుత్లీబౌలి షాపుల్లో వెతికి, ఫ్యాక్టరీలో ఉన్నట్టే తిరిగి నిలబెట్టిన బండి అంటే నాకు గౌరవమే. దాన్ని 'బాగు చేయించిన బండి' అని చెప్పి అమ్మితే ఇంకా గౌరవం. నాకు ఒళ్ళు మండేది ఒక్కచోటే, నిన్న వేసిన పెయింటుని 'కంపెనీ పెయింటు' అన్నప్పుడు. ముక్కల కోసం జుమ్మేరాత్ బజార్‌లో గురువారం సంతకి వెళ్ళే సరదా ఉంటే వెళ్ళండి. కాకపోతే నంబరు ఉన్న క్రాంక్‌కేసు మాత్రం బిల్లు లేకుండా కొనకండి. సైలెన్సర్లో బ్యాఫిల్ పీకేసి, ఆ రొదనే ఆర్‌ఎక్స్ సౌండు అనుకునే సోదరులకు ఒక మనవి. అసలు సౌండు బ్యాఫిల్ ఉన్నప్పుడే వినసొంపుగా ఉంటుంది, చలానా కూడా రాదు.

జావా అభిమానులు అలగకండి, మీకూ ఒక మాట. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావాలు చేసి, డెబ్బయిల్లో యెజ్డీ పేరుకి మారింది. యెజ్డీకి మెరూన్ రంగు వేసి, ట్యాంకీకి జావా బిళ్ళ బిగించి అమ్మడం అప్పటినుంచీ ఉన్న చేతివాటమే. పాత బుల్లెట్ అని చెప్పిన బండికి గేరు ఎడమ కాలి కింద ఉంటే, ఎందుకు అక్కడుందని అడగండి. పాతవాటికి గేరు కుడి కాలి కింద ఉండేది.

'ఒరిజినల్' అనే మాటకి ఇప్పుడు సర్కారు లెక్క కూడా ఒకటుంది. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాతకాలపు వాహనాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటాలి, మూలరూపం చెడకూడదు, పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. అలాంటి బండికి నంబరులో 'వీఏ' అక్షరాలు ఇస్తారు. కొత్తగా రిజిస్టరు చేయడానికి 20 వేల రూపాయలు, ఆ తర్వాత మళ్ళీ రిజిస్టరు చేయించుకోవడానికి 5 వేలు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. 1970 నాటి జావాకి ఈ యోగం ఇప్పటికే పట్టింది. ఆర్‌ఎక్స్ 100ల్లో అందరికంటే పెద్దవాటికి యాభై నిండేది 2035లో. ఈలోగా ముచ్చటపడి డిస్కు బ్రేకు బిగించుకున్నవాళ్ళు పాత డ్రమ్ముని తుక్కు కింద అమ్మేయకుండా అటక మీద దాచి ఉంచండి.