ఈశాన్యంలో అయిదంతస్తులు

హైదరాబాదులో మా కాలనీలో ఒక పాత డాబా ఇల్లు కూలగొట్టి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు కడుతున్నారని తెలిసి, సంక్షేమ సంఘం వాళ్ళు అత్యవసర సమావేశం పెట్టారు. నేనూ వెళ్ళాను.

మొదట లేచినాయన అభ్యంతరం, ఆ కట్టడం తన ఇంటికి ఈశాన్యంలో వస్తుందని. ఈశాన్యంలో ఎత్తు పెరిగితే యజమానికి అరిష్టమట. రెండో ఆయన బ్యాచిలర్లు దిగుతారన్నాడు. మూడో ఆయన "ఎలాంటివాళ్ళొస్తారో, ఏం వండుకుంటారో" అన్నాడు. గంటన్నర గడిచింది. వీధి వెడల్పెంత, కింద వేసిన డ్రైనేజీ పైపు ఎన్ని ఇళ్ళకు సరిపోతుంది, వాననీళ్ళు ఎటు పోతాయి అని అడిగినవాళ్ళు లేరు. నేనడిగితే "మాస్టారూ, మీరు దేవుణ్ణే నమ్మరు, మీకు వాస్తు ఏం తెలుస్తుంది?" అన్నారు. నేనడిగింది వాస్తు గురించి కాదు, మురుగునీటి గురించి!

ఇది విని, "అందుకే ఇలాంటివి నిపుణులకు వదిలేయాలి" అన్నాడొక హేతువాద మిత్రుడు. నేనొప్పుకోను. 2006 లో వచ్చిన జీఓ 86 హైదరాబాదులో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దును, తీసేసింది. 2012 నాటి జీఓ 168 కూడా అదే దారిలో నడిచింది. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నవాటిని బట్టి ఎత్తు తేలుతుంది. ఇది పూర్తిగా చెడ్డదనను. ఇళ్ళు పైకి పెరిగితే ఊరు పొలాల మీదికి పాకడం తగ్గుతుంది, బస్సులకు జనం దొరుకుతారు. కానీ ఎత్తును తేల్చే ఆ పట్టికలో రోడ్డు వెడల్పు ఉందిగానీ రోడ్డు కింది పైపు వ్యాసం లేదు. ఆ పైపు ఎప్పుడు పొంగుతుందో తెలిసింది మా వీధివాళ్ళకే. మమ్మల్నెవరూ అడగలేదు.

రాజ్యాంగం మాత్రం అడగమనే చెబుతోంది. 74వ సవరణ 1993 లో అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పురపాలక సంఘాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం అంటుంది. అయినా హైదరాబాదు మాస్టర్ ప్లాన్లు తయారుచేసింది రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన అభివృద్ధి సంస్థలే. ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాలు రాసుకోవడమే జనం వంతు.

ఎం.ఎన్. రాయ్ 1948 లో తన పార్టీనే రద్దుచేసి, అధికారం కింది నుంచి ప్రజా కమిటీల ద్వారా రావాలన్నాడు. ఆ మాట మన సభల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ప్రజలు స్వయంగా ఆలోచించడం నేర్వకపోతే ప్రజాస్వామ్యం నిలవదని కూడా ఆయనే అన్నాడు. ఈ రెండో సగాన్ని మనం మర్చిపోతున్నాం.

మనల్ని అడగాలి, అది హక్కు. అడిగినప్పుడు ఆధారంతో మాట్లాడాలి, అది బాధ్యత. డ్రైనేజీ మీద పడే భారం కొలిచి చూడగలిగింది. బ్యాచిలర్లు వస్తే వీధి చెడుతుందన్నది ఈశాన్య దోషం లాంటి నమ్మకమే. పైగా మా సంఘంలో ఓటు ఇంటి యజమానులకే. అద్దెకున్నవాళ్ళకు లేదు. ఆ అయిదంతస్తుల్లోకి రాబోయే కుటుంబాల తరఫున మాట్లాడేవాళ్ళు అసలే లేరు. వాళ్ళను వదిలేసి "స్థానికుల అభిప్రాయం" అంటే అది ఆస్తిపరుల అభిప్రాయమే అవుతుంది.

మంజూరైన ప్లాను నకలు, మా వీధి డ్రైనేజీ లైను వివరాలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. కాగితాలు వస్తే తనకూ ఒక కాపీ ఇవ్వమని ఈశాన్యం పెద్దాయనే అడిగారు. పోయిన వానాకాలం మ్యాన్‌హోలు పొంగింది ఆయన గేటు ముందే. వాస్తు గురించి ఆయనతో తర్వాత వాదించుకోవచ్చు. ముందు పైపు లెక్క తేలాలి. మీ కాలనీలో సమావేశం జరిగితే మీరూ వెళ్ళండి. నాస్తికుడన్నా ఫర్వాలేదు, పైపు గురించి అడగండి.