చైత్రంలో వేట

చైత్రమాసం వస్తే విశాఖ మన్యంలో ఇటుకల పండుగ మొదలవుతుంది. పాడేరు, అరకు, ముంచంగిపుట్టు దారుల్లో ఊరి ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా ఒక వెదురుబొంగు కట్టి నిలబడతారు. వచ్చే జీపునూ పోయే బైకునూ ఆపి, పండుగ డబ్బులు ఇచ్చేదాకా కదలనివ్వరు. కొత్తగా వెళ్ళినవాళ్ళు మొదట కంగారుపడి, సంగతి తెలిశాక నవ్వుతూ పదో ఇరవయ్యో చేతిలో పెడతారు. అప్పుడు ఊళ్ళో మగవాళ్ళు కనిపించరు. పొద్దు పొడవకముందే అడవికి వెళ్ళి ఉంటారు.

వేటగాళ్ళు సాయంత్రం తిరిగివచ్చేటప్పుడు ఊరి మొదట్లోనే సంగతి తెలిసిపోతుంది. భుజాల మీది కర్రకు జంతువు వేలాడుతుంటే డప్పు మోగుతుంది, మాంసం ఇంటింటికీ వాటాలవుతుంది. వట్టి చేతులతో వస్తే వరసైన ఆడవాళ్ళు ఎదురొచ్చి పేడనీళ్ళు కుమ్మరిస్తారు, మాటలతో ఆట పట్టిస్తారు. రాత్రికి మాత్రం అందరూ చేతులు కలిపి థింసా ఆడతారు. ఊరి దేవత దగ్గర పూజారి పూజచేసి పంచిన గింజల్ని ఇంటికి తెచ్చుకుని తమ విత్తనాల్లో కలుపుకుంటారు. దుక్కి, విత్తు ఆ తర్వాతే. గోదావరి వైపు కోయలు జరుపుకునే విత్తనాల పండుగ విజ్జ పండుంలోనూ వేటకు వెళ్ళడం ఆచారమే. నేలమీద మొదటి గింజ పడేముందు అడవిని ఒకసారి పలకరించి రావాలని ఆ పెద్దలు అనుకున్నారు.

ఒక దుప్పిని పట్టాలంటే ఎంత తెలియాలి! గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని నిలబడాలి. తడినేల మీద గిట్ట గుర్తు అంచు ఇంకా పదునుగా ఉందా, ఎండి రాలిపోయిందా అన్నది చూసి అది ఏ వేళకు అటు పోయిందో చెప్పగలగాలి. చైత్రంలో ఇప్పపువ్వు రాలే చెట్ల కిందికి దుప్పులు చేరతాయని, పైన కొండముచ్చులు చిగుళ్ళు తుంచి పడేస్తుంటే కింద అవి మేస్తాయని, కొండముచ్చు అరిచిందంటే చిరుతో పులో దగ్గర్లో ఉందని తెలియాలి. ఎండలు ముదిరినా ఏ గుంటలో చివరిదాకా నీళ్ళుంటాయో గుర్తుండాలి. ఈ చదువంతా తాత వెనకాల నడిచి మనవడు నేర్చుకున్నదే. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. తప్పితే పేడనీళ్ళు, నెగ్గితే డప్పులు.

తాత నడిచిన అడవికే ఇవాళ మనవడూ పండుగనాడు వెళుతున్నాడు. అడవి మాత్రం అప్పటిది కాదు. రోజంతా తిరిగినా కుందేలు కనబడితే గొప్ప అనే చోట్లు ఎన్నో ఉన్నాయి. వట్టి చేతులతో రావడం మామూలైపోయింది. పొదలో కదిలింది జంతువనుకుని పేల్చిన నాటు తుపాకికి తోటి వేటగాడే బలైన ఘటనలనూ మన్యం చూసింది. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో డిగ్రీ చేసి వచ్చిన కుర్రవాడికి చట్టం తెలుసు. జంతువును చూస్తే ఫోన్ తీసి వీడియో తీసుకోవాలనే అతనికి మొదట తోస్తుంది. ముసలాయనకు అది కొంచెం వింతగా, కొంచెం వెలితిగా ఉండవచ్చు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. తాత వేటాడింది తినడానికి, పంచడానికి. మనవడు ఆ జీవిని బతకనివ్వాలనుకుంటున్నాడు. మధ్యలో అడవి ఖాళీ అయిందన్న నిజం ఇద్దరికీ తెలుసు.

ఆ అడవిని ఖాళీ చేసింది ఎవరు? ఏడాదికోసారి విల్లంబులతో వెళ్ళిన ఊరివాళ్ళు చేయలేదు. సంస్థానాల షికార్లు, దొరల విడిది వేటలు, జమీందారుల విందులు, ఆ తర్వాత లైసెన్సు తుపాకులు, జీపు లైట్లు చేశాయి. వాటికి తోడు నరికివేత, ఆనకట్టలు, రోడ్లు. నేటి వనస్థలిపురం పక్కన ఉన్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం సొంత వేట మైదానం. కృష్ణజింకలు బాగా తగ్గిపోయాక దాన్ని రక్షిత వనంగా మార్చి, 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికం సందర్భంగా ఆయన పేరు పెట్టారు. మూడు వేల ఆరువందల ఎకరాల ఆ నేలమీద తుపాకి మోగిన తరానికీ, బడిపిల్లలు కంచె అవతల నిలబడి జింకల మందను చూసి కేరింతలు కొట్టే తరానికీ మధ్య గడిచింది ఒక్క మనిషి జీవితకాలం. మనసులు ఇంత త్వరగా మారగలవని అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ ఆశ కలుగుతుంది.

ఆ మార్పును మన కథకులు ముందే పట్టుకున్నారు. కె.ఎన్.వై. పతంజలి వేట కథలు రాశారు. ‘అరణ్య ఘోష’ రాసిన అల్లం శేషగిరిరావు వేటగాళ్ళ లోకాన్ని లోపలినుంచి ఎరిగిన కథకుడు. ఆయన కథ చదువుతుంటే తుపాకి గొట్టం చివర ఉన్న జంతువుకంటే తుపాకి పట్టుకున్న మనిషే మనకు ఎక్కువ కనిపిస్తాడు.

చట్టం నెమ్మదిగా నడిచింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, కొన్ని జంతువుల్ని లైసెన్సు తీసుకుని వేటాడే వీలు అందులో మిగిలే ఉంది. 1991 సవరణతో ఆ తలుపు మూతపడింది. తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. నేల మీద, తేనె మీద, వెదురు మీద గిరిజనులకున్న సంప్రదాయ హక్కుల్ని అది గుర్తించింది. వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. ఇది న్యాయమేనా అంటే, మా తీర్పు న్యాయమేనని. అడవిలో మిగిలినవి కొద్ది జీవాలు. పెద్దపులికి ఏడాదికి దుప్పి, కణుజు వంటి జంతువులు యాభై దాకా కావాలి. ఒక దుప్పి తగ్గితే పులికి ఒక వారం ఆకలి. అయితే ఒక్క మాట మరవకూడదు. ఈ నిషేధం బరువు అందరి మీదా సమానంగా పడలేదు. షికారు మానేసిన దొరకు పోయింది ఒక వినోదం. చెంచు, కోయ, బగత గిరిజనులకు పోయింది ఒక పండుగ, ఒక విద్య, ఏడాదికోసారి ఊరంతా కలిసి తిన్న ఒక పూట భోజనం. ఆ తేడా తెలిసిన అటవీ సిబ్బంది మన్యంలో పండుగనాడు గస్తీ తిరిగేటప్పుడు మాట మెత్తగా మాట్లాడతారు. మాట్లాడాలి కూడా.

కఠినంగా ఉండాల్సిన చోటు వేరే ఉంది. బైకు క్లచ్ వైరు తెచ్చి, ఒక కొసను ఉరిముడిగా వేసి, మరో కొసను చెట్టు మొదలుకు బిగించి, నీటిగుంటకు పోయే కాలిబాటలో మోకాలెత్తున కడతారు. రాత్రి నీళ్ళకొచ్చిన దుప్పి మెడ అందులో ఇరుక్కుంటుంది. అది తన్నుకున్నకొద్దీ ముడి బిగుస్తుంది. తెల్లారి కట్టినవాడు రాకపోతే అక్కడే కుళ్ళిపోతుంది. కట్టిన ఉచ్చుకు దుప్పి ఏదో, చిరుత ఏదో తెలియదు. చేలగట్లపై అడవిపంది కోసం పరిచే కరెంటు తీగకైతే మనిషి కూడా తెలియదు. ఆ మాంసం పండుగకు పోదు, వాటాలకు పోదు. పట్నంలో ఎవరి విందుకో, ఏ పలుకుబడి గల మనిషి ఫ్రిజ్‌లోకో పోతుంది. ‘అడవి సరుకు’ అని గుసగుసగా చెప్పుకుని తినడంలో గొప్ప చూసుకునే అలవాటు మన పట్టణాల్లో ఇంకా చావలేదు. దీన్ని సంప్రదాయం అనడం ఆ తాతల్ని అవమానించడమే. ఉచ్చు కట్టడానికి గాలి తెలియనక్కర్లేదు, అడుగు తెలియనక్కర్లేదు, ఓపిక అంతకంటే అక్కర్లేదు.

ఇంకో పక్క కూడా ఉంది. నల్లరేగడిలో పప్పుశనగ వేసుకున్న రైతును అడిగితే జింక అందం గురించి మాట్లాడడు. కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడు అభయారణ్యం బట్టమేకపిట్ట కోసం ఏర్పడింది. రక్షణ దొరకడంతో అక్కడ కృష్ణజింకలు పెరిగి పక్క చేలల్లో పడ్డాయి. రైతుకు కోపం వచ్చింది, ఆ కోపం పిట్టను కాపాడే పనికి కూడా అడ్డమైంది. తెలంగాణలో కృష్ణా తీరాన మక్తల్ వైపు రైతులదీ అదే గోడు. మొలకెత్తిన చేనును ఒక్క రాత్రిలో మంద మేసిపోతే, విత్తనాల అప్పు మాత్రం రైతు మెడమీదే ఉంటుంది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. రాష్ట్రమంతటికీ చెందిన జీవాన్ని ఒక్క రైతు మేపుతున్నప్పుడు, ఆ మేత ఖర్చు రాష్ట్రం వెంటనే చెల్లించాలి. ఆలస్యమైన పరిహారం రైతు చేతికి ఉచ్చు అందిస్తుంది.

మన పిల్లలెందరో ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో ఈ కథ తలకిందులుగా నడుస్తోంది. మిషిగన్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో నవంబరులో జింకల వేట రుతువు మొదలయ్యే రోజు పెద్ద పండుగ. కొన్ని బళ్ళకు ఆ రోజు సెలవే. తండ్రి కొడుకుకు తుపాకి పట్టడం నేర్పే రోజు అది. అక్కడా కొత్త తరం దూరం జరుగుతోంది. ప్రభుత్వ సర్వేలో 2011లో కోటీ 37 లక్షలున్న వేటగాళ్ళు 2016కు కోటీ 15 లక్షలకు తగ్గారు. 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులపై వసూలయ్యే పన్ను, లైసెన్సు రుసుములు వన్యప్రాణుల రక్షణకే వెళ్తాయి కాబట్టి, వేటగాళ్ళు తగ్గితే ఆ డబ్బూ తగ్గుతుందని అక్కడి అధికారుల బెంగ. తోడేళ్ళు, కొండసింహాలు చాలాచోట్ల లేకుండాపోయిన ఆ దేశంలో తెల్లతోక జింకలు కోట్లకు చేరాయి. అక్కడి లెక్క అక్కడిది. జింక కోసం పులి, చిరుత, రేసుకుక్క ఇంకా కాచుకుని ఉన్న మన అడవికి అది అతకదు.

మన దారి మన దగ్గరే ఉంది. తిరుమలలో కనుమనాడు మలయప్పస్వామి పార్వేట మండపానికి వేంచేస్తాడు. స్వామి తరఫున అర్చకులు ముందుకు పరుగెత్తి మూడుసార్లు ఈటె విసురుతారు. భక్తులు గోవింద నామం చెబుతారు. ఏ జీవానికీ చిన్న గాయం కాదు, వేట ఉత్సవం మాత్రం సంపూర్ణమవుతుంది. అహోబిల నరసింహుడు అదే కనుమకు పల్లకీలో బయలుదేరి నెలన్నర దాకా నల్లమల చుట్టూ ఊళ్ళు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన అల్లుడుగా, తన బ్రహ్మోత్సవానికి రమ్మని చెంచులను పిలవడానికి వెళ్తాడని నమ్మకం. ఆ యాత్ర పేరూ పార్వేటే. శ్రీకాళహస్తి కథలో తిన్నడు వేటాడి తెచ్చిన మాంసాన్ని శివుడు కాదనలేదు. వేటగాణ్ణి దగ్గరకు తీసుకుని, వేటను ఉత్సవంగా మార్చుకున్న సంస్కారం మనకు కొత్తది కాదు. ఇటుకల పండుగలో చంపడం ఆగినంత మాత్రాన పండుగ ఆగనక్కర్లేదు. గింజల పూజ ఉంటుంది, రోడ్డుకడ్డంగా వెదురుబొంగు ఉంటుంది, థింసా ఉంటుంది. మగవాళ్ళు ఉదయాన అడవికి వెళ్ళి, ఏ అడుగు ఎక్కడ చూశారో సాయంత్రం వచ్చి చెప్పవచ్చు. ఏమీ చూడలేకపోయినవాళ్ళకు పేడనీళ్ళు ఎలాగూ తప్పవు.

ఆ పెద్దల విద్య మాత్రం వాళ్ళతోనే పోకూడదు. 1940లలో నల్లమల చెంచుల మధ్య ఉండి పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, వాళ్ళ కడుపు నింపింది వేటకంటే దుంపలూ పండ్లేనని గమనించాడు. అడవిని చదవడంలో మాత్రం వాళ్ళకు సాటి ఎవరూ లేరు. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఇవాళ ఆ చెంచు యువకులే బేస్ క్యాంపుల్లో ఉండి కాపలా కాస్తున్నారు. పులి అడుగు గుర్తించేదీ, ఉచ్చు తీగను ఆకుల కింద పసిగట్టేదీ ఎక్కువగా వాళ్ళ కళ్ళే. తాత వేటకు వాడిన చూపునే మనవడు కాపలాకు వాడుతున్నాడు. ఇంతకంటే మంచి వారసత్వం ఏముంటుంది?

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మా విన్నపం ఇది. ఈ కాపలాదారుల్ని తాత్కాలిక కూలీలుగా ఉంచకండి. ఉద్యోగ భద్రత కల్పించి, ప్రతినెలా ఒకటో తారీఖున జీతం ఇవ్వండి. మన్యంలోనూ ఇలాంటి కొలువులు పెంచండి. ఆశ్రమ పాఠశాలల్లో వారానికో పూట ఊరి పెద్దను పిలిచి, పిల్లల్ని ఆయన వెంట అడవికి పంపండి. జింకలు మేసిన చేనుకు ఆ పంటకాలంలోనే డబ్బు అందేలా చూడండి. పాఠకులకు చెప్పేది ఒక్కటే. ఎవరైనా అడవి మాంసం తెచ్చామంటే ఆ కూర మీ ఇంటి గడప దాటనివ్వకండి. కొనేవాళ్ళు లేకపోతే ఉచ్చు కట్టేవాళ్ళు ఉండరు.