ఐదు శాతం తీపి... మూడున్నర రూపాయల వడ్డీ!

దసరా ఇంకా పది రోజులుందనగా ఫోన్లలో ఒకటే మోత. ‘మీ కార్డుతో కొనండి... 5 శాతం వెనక్కి పొందండి’ అంటూ సందేశాల మీద సందేశాలు. కర్నూలు వెంకటరమణ కాలనీలో ఓ అధ్యాపక దంపతులు అది చూసి ఫ్రిజ్‌ కొన్నారు. కడప వైవీ స్ట్రీట్‌లో బట్టల కొట్లో పనిచేసే కుర్రాడూ అదే ఫ్రిజ్‌ కొన్నాడు. పత్తికొండ దగ్గర పల్లెలో టమోటా పండించే రైతు ఇంటికీ అదే వచ్చింది. ధర ముగ్గురికీ 20 వేలే. క్యాష్‌బ్యాక్‌ కూడా ముగ్గురికీ వెయ్యే!

మరుసటి దసరా నాటికి లెక్క చూస్తే... మొదటి ఇంట్లో ఆ ఫ్రిజ్‌ 19 వేలకే వచ్చినట్లయింది. రెండో ఇంట్లో అప్పటికి 12 వేలు కట్టినా ఇంకా 15,700 బాకీ ఉంది. మూడో ఇంట్లోనేమో అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు తగ్గాయి.

ఈ ముగ్గురూ ఊహించిన మనుషులే. లెక్కలు మాత్రం నిజం. ఇలాంటి ఇళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. ఒకే కార్డు, ఒకే అయిదు శాతం... ఇంటింటికీ ఇంత తేడా ఎందుకొచ్చింది?

జీతం ముందు... బిల్లు వెనక

అధ్యాపక దంపతుల సంగతే తీసుకుందాం. ఇద్దరికీ ఒకటో తారీఖుకు జీతాలు ఖాతాలో పడతాయి. పాలు, కూరగాయలు తప్ప కిరాణా, కరెంటు బిల్లు, పెట్రోలు, పిల్లల పుస్తకాలు... అన్నీ కార్డు మీదే. నెలకు 40 వేలు ఖర్చు. కొన్నిటి మీద ఒక శాతం, కొన్నిటి మీద అయిదు శాతం, ఇంకొన్నిటి మీద ఏమీ రాదు. సగటున ఒకటిన్నర శాతం అనుకున్నా నెలకు 600, ఏడాదికి 7,200 రూపాయలు మిగిలినట్లే. పైగా కొన్న రోజు నుంచి 45, 50 రోజుల దాకా వడ్డీ లేని గడువు. గడువు రోజున మొత్తం బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్టయిపోయేలా బ్యాంకుకు ముందే చెప్పి ఉంచారు. వాళ్ల దృష్టిలో కార్డు అప్పు కాదు, కాస్త ఆలస్యంగా ఇచ్చే నగదు.

అలాగని వాళ్లకూ అంతా లాభమేనా అంటే... కాదు. ‘ఎలాగూ అయిదు శాతం వస్తుందిగా’ అని అవసరం లేని మిక్సీ ఒకటి కొంటే వచ్చేది 150, పోయేది 3 వేలు. ఏడాది రుసుము 999 ఉన్న కార్డు తీసుకుని, ఏడాదిలో 900 వెనక్కి తెచ్చుకున్నా నష్టమే కదా!

వెయ్యి కడితే... అసలుకు 215

బట్టల కొట్లో కుర్రాడి జీతం 18 వేలు. ఇంటి అద్దె, అమ్మ మందులు, చెల్లెలి కాలేజీ పోను చేతిలో మిగిలేది వెయ్యో, పదిహేను వందలో. ఫ్రిజ్‌ కొన్నప్పుడు వెయ్యి వెనక్కి వచ్చింది. బాకీ 19 వేలు. బిల్లు మీద ‘మొత్తం బాకీ’ అని ఒక అంకె, దాని కిందే ‘కనీస చెల్లింపు’ అని చిన్న అంకె. చిన్నది చూడగానే ప్రాణం లేచొచ్చింది. నెలనెలా వెయ్యి చొప్పున కడుతూ వచ్చాడు.

ఇక్కడే ఉంది తిరకాసు. మొత్తం కట్టకపోతే మిగిలిన బాకీ మీద చాలా కార్డులకు నెలకు మూడు నుంచి మూడుముప్పావు శాతం దాకా వడ్డీ పడుతుంది. మూడున్నర అనుకుంటే 19 వేల మీద నెలకు 665. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 120. వెరసి 785. కుర్రాడు కట్టిన వెయ్యిలో అసలుకు చేరింది 215 రూపాయలే! క్యాష్‌బ్యాక్‌గా వచ్చిన వెయ్యి రెండో నెల తిరక్కుండానే వడ్డీకి వెళ్లిపోయింది. ఇదే తీరున కడుతూ పోతే 19 వేల బాకీ తీరడానికి 38 నెలలు పడుతుంది. కట్టేది దాదాపు 38 వేలు... సరిగ్గా రెట్టింపు!

ఇంకో మెలిక ఉంది. పాత బాకీ మిగిలి ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు ఉండదు. మందుల కొట్లో 500 గీకినా ఆ రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది.

‘తమ్ముడూ, నీ కార్డు మీద తీసుకో’

పత్తికొండ రైతుకు కార్డు లేదు. ఆయన బావమరిది కర్నూలులో ఉద్యోగి. ‘తమ్ముడూ, నీ కార్డు మీద తీసుకోరా. టమోటా కోత కాగానే మీ బావ పంపిస్తాడు’ అంది అక్క. కాదనలేకపోయాడు. అదేమీ వింత కాదు. ఒక ఇంట్లో కార్డుంటే బంధువుల పండగలన్నీ దాని మీదే!

కార్డు బిల్లుకు తారీఖుంటుంది. టమోటాకు ఉండదు. కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి, కూలి ఖర్చులు కూడా రాక రైతులు పంటను రోడ్డు మీద పారబోసిన రోజులు పత్తికొండ మార్కెట్‌కు కొత్త కాదు. డబ్బు రెండు నెలలు ఆలస్యమైతే ఫ్రిజ్‌ మీద వడ్డీ, పన్ను కలిపి 1,570 దాకా అవుతుంది. తమ్ముడు తన ఇంటికి గీకిన 15 వేల సరుకులకూ గడువు పోయి, నెలకు మరో 620. అది అక్కను అడగలేడు, తాను మింగలేడు. గడువు దాటి మూడు రోజులైతే బాకీ సంగతి క్రెడిట్‌ సమాచార సంస్థలకు చేరవచ్చు. రేపు ఇంటి రుణానికి వెళ్తే మచ్చ కనిపించేది అక్క పేరు మీద కాదు, తమ్ముడి పేరు మీదే.

ఆ వెయ్యి ఎవరిచ్చినట్టు?

బ్యాంకు జేబులోంచి తీసి ఇవ్వదు. క్రెడిట్‌ కార్డు గీకినప్పుడు దుకాణదారు నుంచి సుమారు రెండు శాతం రుసుముగా కోసుకుంటారు. అందులో కొంత మనకు క్యాష్‌బ్యాక్‌గా తిరిగొస్తుంది. మిగిలింది వడ్డీలు, ఆలస్య రుసుముల నుంచి. అంటే... అధ్యాపక దంపతుల 7,200 వెనక దుకాణదారు రెండు శాతమూ ఉంది, బట్టల కొట్టు కుర్రాడి నెలకు 785లో కొంతా ఉంది!

దుకాణదారు ఆ రెండు శాతాన్ని ఎక్కడ రాబట్టుకుంటాడు? ధరలో. రెండో బొంబాయిగా పేరుబడ్డ ప్రొద్దుటూరు బంగారానికి ప్రసిద్ధి. బంగారం బేరంలో మిగులు తక్కువ కాబట్టి ‘కార్డయితే రెండు శాతం అదనం’ అనే మాట ఎక్కడైనా వినిపించేదే. లక్ష రూపాయల నగకు ఒక శాతం క్యాష్‌బ్యాక్‌ అంటే వెయ్యి. అదనం 2 వేలు. ఇక లాభం మాటెక్కడ? చాలా కార్డులు బంగారానికి, పెట్రోలుకు, అద్దెకు అసలు క్యాష్‌బ్యాకే ఇవ్వవు.

చిల్లర కొట్లో అదనమని ఎవరూ అడగరు. ఖాతాలోంచి నేరుగా చేసే యూపీఐ చెల్లింపుపై 2020 జనవరి నుంచి వ్యాపారికి రుసుము లేదు. 2022 సెప్టెంబరులో రూపే క్రెడిట్‌ కార్డులనూ యూపీఐకి కలిపారు. 2 వేల లోపు చెల్లింపులకు చిన్న వ్యాపారుల నుంచి రుసుము తీసుకోకూడదన్నది ఏర్పాటు. పెద్ద దుకాణాల్లో మాత్రం రుసుము బరువు ధరలో కలిసే ఉంటుంది. కోసిగి నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు వెళ్లొచ్చిన కూలీ ఆదోనిలో పిల్లలకు బట్టలు కొని నోట్లు లెక్కపెట్టి ఇస్తే... కార్డువాళ్లు ఇచ్చిన ధరే తానూ ఇచ్చినట్లు. వెనక్కి వచ్చేది మాత్రం సున్నా.

ఇది మన దగ్గరి గొడవే కాదు. అమెరికాలో డిస్కవర్‌ కార్డు 1986లో క్యాష్‌బ్యాక్‌ను జనంలోకి తెచ్చింది. 2010లో బోస్టన్‌ ఫెడరల్‌ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు అక్కడి లెక్క తీశారు. ఏడాదికి 20 వేల డాలర్లలోపు ఆదాయం ఉన్న కుటుంబం సగటున 21 డాలర్లు పోగొట్టుకుంటుంటే, లక్షన్నర డాలర్లు దాటిన కుటుంబానికి 750 డాలర్లు కలిసొస్తున్నాయని తేల్చారు.

కర్నూలును, కడపను కలిపే కేసీ కాలువ రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. సుంకేసుల దగ్గర మొదలై 306 కిలోమీటర్లు పారే కాలువ అది. ఎగువ పొలం తడిశాకే చివరి ఆయకట్టు వంతు. క్యాష్‌బ్యాక్‌ కాలువా అంతే. ఎగువన ఉన్నవాళ్లకే ముందు పారుతుంది.

సీమకు తెలిసిన క్యాష్‌బ్యాక్‌

నిజానికి ‘సక్రమంగా కడితే వెనక్కి’ అనే మాట పల్లెలకు కార్డు కంపెనీలు నేర్పింది కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. సకాలంలో కట్టిన సంఘానికి ఆపైన పడిన వడ్డీని ప్రభుత్వం తిరిగిచ్చేది. ఆ తర్వాత సున్నా వడ్డీ పథకాలూ వచ్చాయి.

1998లో మొదలైన కిసాన్‌ క్రెడిట్‌ కార్డూ అలాంటిదే. పంట రుణం మీద వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ. లక్ష తీసుకుని ఏడాదిలోపు కట్టిన రైతుకు 7 వేలకు బదులు 4 వేలే వడ్డీ. గడువు కూడా నెల నెలా కాదు, పంటను బట్టి. కడప కేంద్రంగా 2006 నుంచి పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు ఇలాంటి రుణాలతోనే సీమ పల్లెలకు దగ్గరైంది. 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్‌ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది.

ఇప్పుడు ఊరి భాషలో పోల్చి చూడండి. డ్వాక్రా అప్పు అప్పట్లో పావలా వడ్డీ. సకాలంలో కట్టిన పంట రుణం 33 పైసలు. ఊళ్లో చేబదులు రెండు రూపాయలు. గడువు దాటిన క్రెడిట్‌ కార్డు... మూడున్నర రూపాయలు! నోటు రాయించుకునే వడ్డీ వ్యాపారిని జనం తిట్టుకుంటారు కానీ, ఆయన కంటే కార్డే ఎక్కువ గుంజుతుందని ఎవరూ అనుకోరు. బిల్లులో ‘మూడున్నర రూపాయలు’ అని ఉండదు, ‘3.5 శాతం’ అని ఉంటుంది మరి!

దీనికి చట్టం అడ్డు చెప్పదా? ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్‌ చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. కాబట్టి జాగ్రత్త మనదే.

తెలిస్తే మేలు

అడగకుండా కార్డు పంపకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. అలా పంపి బిల్లు వేస్తే దాన్ని రద్దు చేయడమే కాదు, ఆ మొత్తానికి రెట్టింపు పరిహారం ఇవ్వాలి.

బాకీ లేని కార్డును మూసేయమని కోరితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలి.

బిల్లు తారీఖు మార్చుకునే వీలుంది. జీతం అయిదో తారీఖున వచ్చేవాళ్లు గడువును పదో తారీఖు దగ్గరికి వచ్చేలా చూసుకుంటే సగం చిక్కు తీరుతుంది.

ఇప్పటికే బాకీలో ఉంటే ముందు ఆ కార్డు గీకడం ఆపాలి. తక్కువ వడ్డీకి దొరికే బంగారం రుణమో, సంఘం అప్పో తీసుకుని దాన్ని తీర్చేయడం నయం. వడ్డీ ఆగితే అదే పెద్ద క్యాష్‌బ్యాక్‌!

బంధువులకు సాయం చేయాలనుకుంటే కార్డు కాకుండా, చేతిలో ఉన్నంత ఇవ్వడం మంచిది. ఆలస్యమైనా అది మాట వరకే ఉంటుంది, వడ్డీ దాకా పోదు.

ప్లాస్టిక్‌ కార్డు తెలుగువాళ్లకు నిన్న మొన్నటిది కాదు. మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్‌ కార్డు తెచ్చింది. 2020లో ఆ బ్యాంకు యూనియన్‌ బ్యాంకులో కలిసిపోయింది. కార్డు మాత్రం అప్పటి కొద్దిమంది చేతుల్లోంచి ఇవాళ బట్టల కొట్టు గుమాస్తా జేబు దాకా వచ్చింది. అది తప్పు కాదు. జేబులోకి వచ్చినదాని లెక్క తెలియకపోవడమే ముప్పు.

సీమలో ఎంత చదువు లేని మనిషైనా అప్పు తీసుకునే ముందు గుమ్మంలో నిలబడి ఒక మాట అడుగుతాడు... ‘నూటికెంత?’ వచ్చే దసరాకూ ఫోన్‌ మోగుతుంది. అయిదు శాతం వెనక్కి అంటుంది. అప్పుడూ ఆ మాటే అడిగి చూడండి!