కథ మళ్ళీ మొదటికి!

2002 మేలో మొదటి 'స్పైడర్‌మ్యాన్' వచ్చినప్పుడు నేను ఎమ్మెస్ విద్యార్థిని. నలుగురు రూమ్మేట్లం, ఒకే ఒక పాత కారు. ఉన్న పార్ట్‌టైమ్ పని పోగొట్టుకుని ఫోటోలు అమ్ముకునే పీటర్ పార్కర్‌ని చూసి "వీడు మనవాడేరా" అనుకున్నాం. తొలి వారాంతంలోనే పది కోట్ల డాలర్లు దాటిన మొట్టమొదటి సినిమా అది. అందులో మావీ నాలుగు మ్యాటినీ టిక్కెట్లున్నాయి సుమండీ!

పదేళ్ళు తిరిగాయి. మావాడికి ఏడేళ్ళు. 2012లో 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' ఇక్కడ జూలై 3న విడుదలైతే, ఇండియాలో జూన్ 29నే వచ్చేసింది, అదీ తెలుగులో కూడా. హైదరాబాదు నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి "తమ్ముడూ, మేం చూసేశాం" అని ఊరించాడు. అమెరికా సినిమా అమెరికాలో ఉన్న తనకన్నా ముందు అన్నయ్య చూడ్డమేమిటని మావాడు ఒకటే అలక.

తీరా వెళ్ళి కూర్చున్నాక... మళ్ళీ సాలీడు కుట్టింది. మళ్ళీ అంకుల్ బెన్ (మన వరసల్లో పెదనాన్న లెండి) పోయాడు. ఇది 'రీబూట్' అన్నారు. మా కంప్యూటర్ వాళ్ళ మాటే! ఏదీ పనిచేయనప్పుడు మేం చేసే పని అది. నడుస్తున్న మెషీన్‌ని ఎవరైనా ఆపి మళ్ళీ మొదలెడతారా?

ఇక్కడ జరిగింది అదే. 2011లో రావలసిన నాలుగో భాగాన్ని 2010 జనవరిలో ఆపేసి, సోనీ వాళ్ళు పాత దర్శకుణ్ణీ హీరోనీ వదిలి కొత్తవాళ్ళతో మొదలుపెట్టారు. గడువులోగా సినిమా తీయకపోతే హక్కులు మార్వెల్‌కి తిరిగి పోతాయి. మన హెచ్-వన్ స్టేటస్ కాపాడుకోవడం లాంటిదన్నమాట!

తెలిసిన కథ మళ్ళీ చెప్పడం మనకేం కొత్త కాదు. 1963 నాటి 'లవకుశ' ఉండగానే బాపుగారు 2011లో 'శ్రీరామరాజ్యం' తీస్తే ఇష్టంగా చూశాం. ఈసారి ఎలా చెబుతారో చూద్దామని వెళ్ళాం. ఈ సినిమాలో అలా కొత్తగా చెప్పబోయింది పీటర్ తల్లిదండ్రుల రహస్యం. దాన్నీ సగంలో వదిలేశారు. ఆండ్రూ గార్‌ఫీల్డ్, ఎమ్మా స్టోన్ బాగానే చేశారు, కాదనను.

మావాడి బాధ మాత్రం వేరు. డాక్టర్ రాఠాగా ఇర్ఫాన్ ఖాన్ కనబడగానే మా ఆవిడ "మహేష్ 'సైనికుడు'లో విలన్ కదూ!" అంది. మావాడు సీట్లో లేచి కూర్చున్నాడు. స్పైడర్‌మ్యాన్ సినిమాలో మన మొహం! సెలవులయ్యాక స్కూల్లో చెప్పుకోవాలని అప్పుడే లెక్కలు వేసుకున్నాడు. వంతెన మీద ఆ కారు ఇరుక్కుంది, రాక్షసబల్లి వచ్చింది. అంతే, ఆ తరువాత ఆయన ఊసే లేదు.

"నాన్నా, ఆ అంకుల్ ఏమయ్యాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన సంగతి తేల్చే సీను కత్తిరించేశారని చాలా రోజులకు తెలిసింది.

2021 డిసెంబరులో 'నో వే హోమ్'కి వెళ్ళాం. అప్పటికి వాడికి పదహారు. ముగ్గురు స్పైడర్‌మ్యాన్లూ ఒకే తెర మీదికి వచ్చారు. గార్‌ఫీల్డ్ కనబడగానే హాలంతా ఈలలు, కేకలు. నేనూ చప్పట్లు కొట్టాను, పాత కోపం మరచిపోయి. ఇర్ఫాన్ అంతకు ముందు ఏడాది ఏప్రిల్లోనే పోయారు.

తిరిగొస్తూ కార్లో వాడన్నాడు: "అందర్నీ వెనక్కి తెచ్చారు నాన్నా, ఆ అంకుల్‌ని తప్ప."