మావయ్యగారికి పచ్చడి వెయ్యాలా, వద్దా?

రాత్రి రెండింటికి నీళ్ల కోసం లేచి హాల్లోకి వస్తే, చీకట్లో సోఫా మీద ఎవరో కూర్చుని ఉన్నారు. పై ప్రాణాలు పైనే పోయాయి. లైటు వేస్తే మా మావయ్యగారు. నిటారుగా కూర్చుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని రాసుకుంటున్నారు.

"ఏం లేదు బాబూ, కాస్త గ్యాస్. పడుకుంటే గొంతులోకి పులుపు తన్నుకొస్తోంది. కూర్చుంటే బానే ఉంది. నువ్వెళ్లి పడుకో" అన్నారు. ఎంతసేపట్నుంచి అలా కూర్చున్నారో చెప్పలేదు. చప్పుడుకి ఎవరైనా లేస్తారని ఫ్యాను కూడా వేసుకోలేదు.

ఇది మొన్న సంక్రాంతి తర్వాతి మాట. అత్తయ్యగారు, మావయ్యగారు గుంటూరు నుంచి మొదటిసారి మా నిజాంపేట ఫ్లాటుకి వచ్చారని నేనే దగ్గరుండి విందు చేశాను. బగారా అన్నం, మటన్ వేపుడు, టమాటా కుర్మా, గోంగూర పచ్చడి, చివర్లో డబుల్ కా మీఠా. ఆఫీసు నుంచి నేను వచ్చి, అన్నీ అయ్యి, కంచాల ముందు కూర్చునేసరికి పదింపావు. పదకొండున్నరకి లైట్లు ఆర్పేశాం. మధ్యలో "ఇంకొంచెం మావయ్యగారూ" అంటూ మూడుసార్లు వడ్డించాను. అల్లుడు గరిటె పట్టుకుని నిలబడితే వద్దనే మావగారు ఎక్కడైనా ఉంటారా?

మర్నాడు మా ఆవిడ ఎవరి మాటా వినలేదు. హాస్పిటల్‌కి బయల్దేరదీసింది. అక్కడ ముందు ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. గుండెకి ఏమీ లేదని తేలాకే డాక్టరుగారు మంట సంగతి ఎత్తారు. ఇది చదువుతున్న మీకు కూడా ఆ వరస గుర్తుండాలి. ఛాతీ బిగబట్టినట్టున్నా, చెమటలు పోసినా, నొప్పి చేతికో దవడకో పాకినా, ఊపిరి అందకపోయినా 'గ్యాస్‌లే' అని ఈనో కలుపుకుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చెయ్యండి. ఆ రాత్రి నేను చేసిన పని ఏంటంటే, "సరే మావయ్యగారూ" అని వెళ్లి పడుకోవడం. అది నిజంగా మంటే కాబట్టి సరిపోయింది.

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న 'ఏం తిన్నారు' కాదు, 'ఎన్నింటికి తిన్నారు' అని. కడుపుకీ అన్నవాహికకీ మధ్య ఒక కండరం ఉంటుందట, తలుపులాగా. కడుపు నిండా తింటే ఆ తలుపు మీద ఒత్తిడి. నూనె, నెయ్యి ఎక్కువైతే తిన్నది త్వరగా కిందికి దిగదు. దిగకముందే పడుకుంటే పులుపు పైకి రావడానికి దారి చదునైపోతుంది. తిన్నాక రెండు మూడు గంటలైనా ఆగి పడుకోమన్నారు. నేనేమో పప్పులో కారం ఎంత వెయ్యాలో రాసుకుందామని ఫోన్ తీసి రెడీగా కూర్చున్నాను!

వాళ్లిద్దరూ పోయిన నెల మళ్లీ వచ్చారు. అదే శనివారం రాత్రి మా ఆఫీసు ఫ్రెండ్ కూడా భోజనానికి వస్తానన్నాడు. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు, జేబులో ఎప్పుడూ గ్యాస్ టాబ్లెట్ల షీటు. అంటే అయిదుగురిలో ఇద్దరు మంట బాపతు. నేను పరీక్షకి చదివినట్టు నెట్‌లో చదివాను. టమాటా వద్దు, ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, నిమ్మకాయ వద్దు, కాఫీ వద్దు, చాక్లెట్ వద్దు. చల్లగా ఉంటుందని నేను అనుకున్న పుదీనా కూడా కొందరికి పడదట. ఆ లిస్టు మా ఆవిడకి చూపిస్తే ఒక్క చూపు చూసింది. "మా నాన్నకి పథ్యం పెడతావా? జ్వరం వచ్చి లేచినవాడికి పెట్టినట్టు?"

అసలు చిక్కు అదే. గుంటూరు మనిషిని ఇంటికి పిలిచి, కంచంలో చప్పిడి కూడు పెట్టి, 'మీ ఆరోగ్యం కోసమే' అనడం కన్నా పెద్ద అవమానం ఉండదు. పైగా పక్కవాడి కంచంలో పచ్చడి ఉండి ఆయన కంచంలో లేకపోతే, అందరి ముందూ రోగిష్టి అని బోర్డు తగిలించినట్టే.

అందుకని ఫోన్ చేసి అడిగాను. "అన్నీ పడతాయి బాబూ" అన్నారాయన. వెంటనే ఫోను అత్తయ్యగారి చేతిలోకి మారింది. "ఆయన మాటలకేం గానీ, టమాటా పప్పు చేసిన రోజు రాత్రి రెండు దిళ్లు అడుగుతారు. వేపుళ్ల సంగతి నీకు తెలిసిందే. గోంగూర కాస్త నాలిక్కి రాసుకుంటే ఏమీ అవదు" అని మొత్తం రిపోర్టు ఇచ్చేశారు. ఫ్రెండ్‌ని అడిగితే వాడి కథ వేరు. పచ్చిమిరపకాయలు నమిలినా వాడికేమీ కాదు, కాఫీ, కూల్‌డ్రింకు పడితే మాత్రం అర్ధరాత్రి పులితేన్పులు. నెట్‌లో లిస్టు కన్నా ఈ రెండు ఫోన్లే నాకు పనికొచ్చాయి.

మెనూ ఇలా తేలింది. ముందు తినడానికి బజ్జీలకి బదులు ఆవిరి కుడుములు. బీరకాయ పెసరపప్పు, పులుపు లేకుండా. పాలు పోసిన పొట్లకాయ కూర, ఇది అత్తయ్యగారి వాళ్ల అమ్మగారి వంట. ముక్కలు ఉడికాక పాలు పోసి, చెంచాడు బియ్యప్పిండి కలిపి దించడమే. చికెన్‌ని స్కిన్ తీయించి, పెరుగు, అల్లం, ధనియాల పొడి పట్టించి, మూత పెట్టి దాని నీళ్లలోనే మగ్గనిచ్చాను. ముప్పావు కిలోకి నూనె రెండు చెంచాలు, కారం అర చెంచా. మొదటిసారి వండినప్పుడు నిజం చెప్పాలంటే హాస్టల్ కూరలా ఉంది. రెండోసారి దించే ముందు గుప్పెడు కరివేపాకు, కొత్తిమీర వేస్తే వాసన వచ్చింది, కూరకి ప్రాణం వచ్చింది. చింతపండు చారు తీసేసి, పులవని పెరుగుతో మజ్జిగ చారు. స్వీటు బదులు బొప్పాయి ముక్కలు. ఇక గోంగూర పచ్చడి చిన్న గిన్నెలో, టేబుల్ మధ్యలో, అందరికీ. ఎవరికీ నేను వెయ్యను.

పచ్చడే కాదు, ఏదీ వడ్డించకూడదని ఒట్టు పెట్టుకున్నాను. గిన్నెలన్నీ టేబుల్ మీద పెట్టి "ఎవరిది వాళ్లే" అన్నాను. మా ఇళ్లల్లో ఇది ఎంత మర్యాద తక్కువ పనో మీకు చెప్పక్కర్లేదు. అత్తయ్యగారు నా వైపు అదోలా చూశారు. నా చెయ్యి రెండుసార్లు గరిటె దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

టైము ఏడున్నర అని చెప్పాం. ఫ్రెండ్ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. పోయినసారైతే వాడి కోసం పది దాకా ఆగేవాళ్లం. ఈసారి ఏడు నలభైకి మొదలుపెట్టేశాం, వాడి వాటా తీసి ఉంచి. మావయ్యగారు పొట్లకాయ కూర రెండోసారి ఆయనే వేసుకున్నారు. పచ్చడి గిన్నె దగ్గరికి లాక్కుని, కూతురి మొహం ఒకసారి చూసి, వేలి కొసతో కాస్త తీసుకుని అన్నం అంచున రాసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. తిన్నాక ఇద్దరం అపార్ట్‌మెంటు చుట్టూ నాలుగు రౌండ్లు నడిచాం. గుంటూరులో మిర్చి యార్డు రేట్ల గురించి చాలా చెప్పారు.

ఆ రాత్రి నేను రెండింటికి అలారం పెట్టుకుని లేచాను. సోఫా ఖాళీగా ఉంది. గదిలోంచి గురక.

పొద్దున్నే ఫ్రెండ్ నుంచి మెసేజ్: "కూర సూపర్ రా. కానీ రాత్రంతా మంట." ఫోన్ చేసి ఏమైందని నిలదీస్తే ఒప్పుకున్నాడు. ట్రాఫిక్‌లో దాహమేసి కూల్‌డ్రింక్ బాటిల్ మొత్తం తాగేశాడట. మా ఇంట్లో తిని వెళ్లాక, నిద్ర ఆపుకోవడానికి ఒక కాఫీ కూడా.